గోరుచుట్టు మీద కోడ్ పోటు

అమెరికాలో బాతు కరిస్తే దానికో కోడ్ ఉంది, డబ్ల్యూ61.61. కరవకుండా వచ్చి గుద్దితే డబ్ల్యూ61.62. కరవడమూ గుద్దడమూ కాక ఆ బాతుతో మరే రకమైన పేచీ వచ్చినా డబ్ల్యూ61.69 సిద్ధంగా ఉంది. తాబేలు తగిలితే వేరే కోడ్. జెట్ విమానం ఇంజన్ మనిషిని లోపలికి లాగేసుకుంటే వి97.33. దాని చివర ఒక అక్షరం మార్చి రాస్తే, అదే మనిషి అదే బాధతో మళ్ళీ చూపించుకోవడానికి వచ్చాడని అర్థం. ఇంజన్లోంచి బయటపడి, చొక్కా దులుపుకుని, అపాయింట్‌మెంట్ టైముకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడన్నమాట. అత్తమామలతో పొసగకపోతే జడ్63.1. మన టీవీ సీరియళ్ళు ఏళ్ళ తరబడి సాగదీస్తున్న సరుకంతా ఆ ఒక్క కోడ్‌లో పట్టేస్తుంది.

ఇలాంటివి దాదాపు 70 వేలు. ఆ పుస్తకం పేరు ఐసీడీ-10-సీఎం. అమెరికాలో 2015 అక్టోబర్ 1 నుంచి ఏ రోగికి ఏ రోగమన్నా ఈ పుస్తకం ప్రకారమే. అంతకుముందున్న తొమ్మిదో పుస్తకంలో కోడ్‌లు 14 వేలకు అటూ ఇటూ ఉండేవి. దానికి కుడిచెయ్యీ ఎడమచెయ్యీ తేడా తెలీదు. కొత్త పుస్తకం వచ్చి ఆ అజ్ఞానాన్ని పోగొట్టిందని పెద్దలు చాలా గర్వపడ్డారు.

లోకాన్ని ఇంత నిశితంగా చూసిన ఆ గ్రంథాన్ని ఒక చిన్న ప్రశ్న అడుగుదాం. కుడిచేతి చిటికెనవేలి చివరి ఎముకలో చీము పట్టింది. ఆర్నెల్లయింది, మానడం లేదు. కోడేమిటి?

ఎం86.641 అంటుంది. ‘ఇతర దీర్ఘకాల ఆస్టియోమైలైటిస్, కుడి చెయ్యి’ అని దానర్థం. ఏ వేలో చెప్పదు, ఏ ఎముకో చెప్పదు. మనిషి చేతిలో ఎముకలు 27. మణికట్టు దగ్గర 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. ఈ 27కీ కలిపి ఆ పుస్తకం పెట్టిన పేరు ‘చెయ్యి’. బాతు కరిచిందా, గుద్దిందా అని ఆరా తీసిన మహానుభావులకి బొటనవేలికీ చిటికెనవేలికీ తేడా కనబడలేదు.

రోగం సంగతి కాస్త చెప్పాలి. ఒహాయోలో ఒక వడ్రంగి ఉన్నాడనుకుందాం. పక్కింటాయనకి కోళ్ళగూడు కడుతుంటే చిటికెనవేలి గోరు కింద చెక్కపేడు గుచ్చుకుంది. (కోళ్ళగూటిలో దెబ్బ తగిలిందని చెప్పడానికీ కోడ్ ఉంది, వై92.72. ఇలాంటివి రాయడం అన్నిచోట్లా తప్పనిసరి కాదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకోవాలి.) నాలుగు రోజుల్లో గోరుచుట్టు వచ్చింది. అదే తగ్గుతుందిలే అని గుడ్డ కట్టుకుని సుత్తి పట్టుకున్నాడు. చీము కిందికి దిగి ఎముకని పట్టింది. మొదట్లో ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడలేదు, ఎందుకంటే ఎముకలో మార్పు ఫిల్ము మీద కనబడ్డానికి రెండు వారాలదాకా పడుతుంది. ఈలోగా ఎముకలో ఒక ముక్కకి రక్తం అందక చచ్చిపోయింది. చచ్చిన ఎముకలోకి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మందు పోదు. ఆ ముక్కని ఆసరా చేసుకుని క్రిమి కాపురం పెడుతుంది. కొందరికైతే బయటికి ఒక సన్నటి దారి కూడా చేసుకుని అప్పుడప్పుడు చీము కారుస్తుంటుంది. ఎముక గీకించుకోవాలి, వారాల తరబడి యాంటీబయాటిక్ వాడాలి, అయినా కొందరికి మళ్ళీ తిరగబెడుతుంది.

ఇప్పుడు ఈ వడ్రంగి కాగితాల మీద ఎలా ప్రయాణం చేశాడో చూడండి. గోరుచుట్టుగా ఉన్నప్పుడు ఆయన ఎల్03.011, అంటే కుడిచేతి వేలి సెల్యులైటిస్. ఉట్టి నొప్పి అని వచ్చి ఉంటే ఎం79.644, కుడిచేతి వేలి నొప్పి. రెండుచోట్లా ‘వేలు’ అని ఉంది. బాధ చర్మంలో ఉన్నంతసేపు పుస్తకానికి అది వేలే. అదే చీము లోపలికి దిగి ఎముకని తాకగానే వేలు మాయమై ‘చెయ్యి’ అయింది. రోగం లోతుకి పోయేకొద్దీ పుస్తకానికి చూపు మందగించింది. ఇది వయసు మీదపడ్డ పుస్తకం కూడా కాదు, ఏటా అక్టోబర్‌లో కొత్త కూర్పు వస్తుంది.

పోనీ వేలు తెలియకపోయినా రోగం రకమైనా బాగా తెలుసా అంటే, అబ్బో, తెలుసు. ఒక్క కుడిచేతికే ఏడు రకాలున్నాయి. రక్తం ద్వారా వచ్చిన అక్యూట్ అయితే ఎం86.041, వేరే అక్యూట్ అయితే 141, సబ్‌అక్యూట్ అయితే 241, చాలాచోట్ల ఒకేసారి వచ్చే దీర్ఘకాల రకమైతే 341, చీము దారి ఉన్న దీర్ఘకాలమైతే 441, రక్తం ద్వారా వచ్చిన దీర్ఘకాలమైతే 541, ఇవేవీ కాని దీర్ఘకాలమైతే 641. ఈ చివరిదే ‘ఇతర’. చేతి ఎముకకి ఇన్ఫెక్షన్ ఎక్కువగా దెబ్బ వల్లా, గుచ్చుకోవడం వల్లా, పంటిగాటు వల్లా వస్తుందని ఏ ఎముకల డాక్టరైనా చెబుతాడు. పుస్తకంలో ఆ మామూలు మనుషులంతా ‘ఇతరులు’. అరుదైనవాళ్ళకి పేరుపెట్టిన ఇళ్ళున్నాయి. అక్కడితో ఆగలేదు. ఎం86.8ఎక్స్4 అని మరొకటుంది, ‘ఇతర ఆస్టియోమైలైటిస్, చెయ్యి’. దానికి కుడీ ఎడమా కూడా లేవు. మధ్యలో ఆ ఎక్స్ ఎందుకంటే ఖాళీ పూరించడానికి. ఏడు అంతస్తుల మేడ కట్టి ఎనిమిదో అంతస్తుకి మెట్లు పెట్టడం మర్చిపోయిన మేస్త్రీ తరహాగా ఉంది వ్యవహారం.

ఇంకా ఎం86.649 ఉంది. ఆ నంబరుకి అర్థం ‘ఏ చెయ్యో తెలియదు’. రోగి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకున్నవి రెండే చేతులు. అందులో ఒకటి వాచి, ఎర్రబడి, చీము పట్టి ఉంది. చూసిన డాక్టర్ గారికి ఏ చెయ్యో తెలియలేదు! 2015 నుంచి ఆరున్నరేళ్ళు ఇలాంటి బిల్లులు ఇన్‌పేషెంట్ ఖాతాలో దర్జాగా నడిచాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి మాత్రం అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ సాఫ్ట్‌వేర్ అలాంటి కోడ్‌లు చాలావాటిని ఆపి, ‘బాబూ, ఏ పక్క?’ అని అడగడం మొదలుపెట్టింది. రోగికి నొప్పి ఏ పక్కో ముందు కంప్యూటర్‌కి అనుమానం వచ్చింది, మనిషికి తర్వాత.

డాక్టర్ గారి కలం దగ్గరికి వద్దాం. కలం అన్నది మాటవరస. 2009లో ఒక చట్టం చేసి, అమెరికా ప్రభుత్వం ఆస్పత్రులకి కంప్యూటర్ రికార్డులు పెట్టుకోమని డబ్బులిచ్చింది. డాక్టర్లు కాగితం మానేసి కీబోర్డ్ పట్టుకున్నారు. పట్టుకుని మొదట నేర్చుకున్న విద్య కాపీ పేస్ట్. సోమవారం రాసినది మంగళవారానికి దిగుతుంది, మంగళవారానిది శుక్రవారానికి. అడ్మిషన్ రోజున ‘అయిదు వేళ్ళూ బాగా కదుపుతున్నాడు’ అని రాసిన వాక్యం, చిటికెనవేలు తీసేసిన మర్నాడు కూడా ఆరోగ్యంగా ఉంటుంది. ఆ వాక్యానికి ఏ ఇన్ఫెక్షనూ సోకదు.

కాపీ చేయని రోజున ఆయన రాసేది ‘ఆస్టియో’. అంతే. ఆస్టియోమైలైటిసా, ఆస్టియోఆర్థరైటిసా, ఆస్టియోపోరోసిసా అన్నది చదివేవాడి పూర్వజన్మ సుకృతం. ‘బోన్ లుక్స్ బ్యాడ్’ అని రాసిన రోజులూ ఉంటాయి. ఎముక చెడ్డగా కనబడడానికి పుస్తకంలో కోడ్ లేదు. బాతుకైతే ఉండేది. అన్నిటికన్నా గొప్పది ‘హిస్టరీ ఆఫ్ ఆస్టియోమైలైటిస్’. రోగికి ఇంకా చీము కారుతోంది, మందు ఎక్కుతోంది. డాక్టర్ ఉద్దేశం ‘ఈయనకి ఎప్పట్నుంచో ఉంది’ అని. కోడ్ భాషలో దానర్థం ‘ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు పోయింది’ అని. దానికి జడ్87.39 వేయాలి. ఒక్క మాటతో రోగం నయమైపోతుంది. ఇంత చవగ్గా ఏ యాంటీబయాటిక్ పనిచేయదు.

షుగర్ ఉన్న రోగి అయితే కథ ఇంకో మెలిక తిరుగుతుంది. నోట్స్‌లో ఒక వరసలో ‘షుగర్’ అని ఉంటుంది, నాలుగు వరసల కింద ‘ఎముక ఇన్ఫెక్షన్’ అని ఉంటుంది. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి, ఒకే నోట్స్‌లో ఉన్నాయి. ఒకదానివల్ల ఒకటి వచ్చిందని డాక్టర్ ఒక్క ముక్క రాయకపోయినా పుస్తకమే రెంటికీ చుట్టరికం కలిపేస్తుంది. ఈ11.69 ముందూ, ఎం86 వెనకా నడుస్తాయి. సంబంధం లేదని డాక్టర్ పనిగట్టుకుని రాస్తేనే అవి ఒకే బస్సులో కూర్చున్నా పరిచయం లేని ప్రయాణికులు.

ఇక ఇదంతా చదివి కోడ్ వేయాల్సిన మనిషి ఎక్కడుంటుంది? చాలాసార్లు మన హైదరాబాద్‌లోనే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడలకి అంటించిన కాగితాలు చూడండి. ఒకప్పుడు జావా, ఒరాకిల్ అని ఉండేవి. వాటి పక్కన ఇప్పుడు ‘మెడికల్ కోడింగ్, ఫ్రెషర్స్‌కి అవకాశం’ అని ఉంటుంది. బీఫార్మసీ చదివిన పిల్లలు, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు, నర్సింగ్, మైక్రోబయాలజీ చదివిన పిల్లలు ఆ మెట్లెక్కుతారు. కోడర్లకి ఉండే సీపీసీ పరీక్ష రాస్తారు. నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు, పాసవడానికి 70 శాతం. పుస్తకాలు దగ్గర పెట్టుకుని చూసి రాయొచ్చు. చూసి రాయడమే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఆ పుస్తకాల మందం ఒకసారి చూడాలి.

అలా పాసై వచ్చిన మైక్రోబయాలజీ అమ్మాయి ముందు మన వడ్రంగి ఇన్‌పేషెంట్ చార్ట్ తెరుచుకుందనుకోండి. ఎంఆర్‌ఐ రిపోర్టులో ఉంది, కుడి చిటికెనవేలి చివరి ఎముకలో ఆస్టియోమైలైటిస్ లక్షణాలని. ల్యాబ్ కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఆరియస్ పెరిగింది. సర్జన్ ఎముక గీకాడు. సెలైన్‌తో యాంటీబయాటిక్ ఎక్కుతోంది. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం ‘వేలికి ఇన్ఫెక్షన్, మెరుగ్గా ఉంది’ అని రాసుంది.

“మేడమ్, ఎంఆర్‌ఐలో క్లియర్‌గా ఉంది కదండీ, ఎం86 వేసేయనా?”

“ఉంటే ఉందమ్మా. ట్రీట్ చేసిన డాక్టర్ రాశాడా?”

“రాయలేదండీ. కానీ ఎముక గీకారు కదా...”

“ఎముక గీకినా, చెయ్యే తీసేసినా, ఆయన రాయందే మనకి రోగం లేదు. క్వెరీ పెట్టు.”

టీమ్‌లీడ్ చెప్పింది అక్షరాలా రూలే. ఇన్‌పేషెంట్ చార్ట్‌లో ఎంఆర్‌ఐ చూసిగానీ ల్యాబ్ రిపోర్టు చూసిగానీ కోడర్ సొంతంగా రోగం తేల్చకూడదు. వైద్యం చేసిన డాక్టర్ నోటివెంట రావాలి. ఇందులో న్యాయం ఉంది, కాదనను. కోడర్ డాక్టర్ కాదు. చిక్కల్లా ఏమిటంటే, చార్ట్ మొత్తం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివిన ఏకైక మనిషి ఆ అమ్మాయే. తెలిసినామెకి చెప్పే హక్కు లేదు, చెప్పే హక్కున్నాయనకి రాసే తీరిక లేదు.

క్వెరీ అంటే డాక్టర్‌ని అడగడం. అదీ ఎలా పడితే అలా అడగకూడదు. ‘ఇది దీర్ఘకాల ఎముక ఇన్ఫెక్షనే కదా సార్?’ అంటే జవాబు నోట్లో పెట్టినట్టట, తప్పు. అందుకని ఆ అమ్మాయి కోర్టులో ప్లీడర్‌లా రాస్తుంది: ‘ఎంఆర్‌ఐలో ఈ మార్పులున్నాయి, కల్చర్‌లో ఈ క్రిమి వచ్చింది, ఎముక తొలగించారు. మీ వైద్య నిర్ణయం ప్రకారం ఇది: అక్యూట్ ఆస్టియోమైలైటిస్, క్రానిక్ ఆస్టియోమైలైటిస్, వేరేది, చెప్పలేను. వీటిలో ఏదో దయచేసి తెలుపగలరు.’ రెండు రోజులకి ఒహాయో నుంచి జవాబొస్తుంది, ‘అగ్రీడ్’ అని. దేనితో అంగీకారమో పైవాడికి తెలియాలి. ఈలోపు చార్ట్ పెండింగ్‌లో పడింది, రోజు టార్గెట్ తగ్గింది, నెలాఖరు ఆడిట్‌లో క్వాలిటీ 95 శాతానికి దిగితే ఇన్సెంటివ్ పోయింది. ఒహాయో డాక్టర్ రాయని ఒక్క పదానికి అమీర్‌పేట హాస్టల్లో ఉన్న పిల్ల జీతంలో కోత.

సందేహం మీద ఇంకో రూలుంది. దాన్ని ముందు పెట్టుకుని చేతులు జోడించాలనిపిస్తుంది. రోగి ఆస్పత్రిలో అడ్మిట్ అయి ఉండి, డిశ్చార్జి నాటికి కూడా డాక్టర్ ‘బహుశా ఆస్టియోమైలైటిస్’ అని రాస్తే, రోగం ఉన్నట్టే కోడ్ వేయాలి. అదే రోగి అదే వేలితో అదే డాక్టర్ దగ్గరికి ఓపీలో వచ్చి, ఆయన అదే ‘బహుశా’ రాస్తే, లేనట్టే లెక్క. అప్పుడు నొప్పికో వాపుకో కోడ్ వేసి ఊరుకోవాలి. మంచం మీద పడుకుంటే అనుమానం నిజమవుతుంది, లేచి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ అనుమానమే. అద్వైతులు కూడా ఇంత ధీమాగా చెప్పలేదు.

ఇంతవరకూ చదివి, పాపం ఆ వ్యవస్థకి వేళ్ళు లెక్కపెట్టడం రాదేమో అని జాలిపడకండి. డబ్బు దగ్గరికి రానివ్వండి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ లెక్కపెడుతుంది.

రోగానికి కోడ్ వేరు, చేసిన పనికి కోడ్ వేరు. డాక్టర్ చేసిన పనికి వేసేది సీపీటీ. 1966లో మొదలైంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి సొత్తు, వాడుకునే సంస్థలు లైసెన్సు కట్టాలి. అందులో చేతి ఎముకని గీకడానికి మూడు ధరలున్నాయి. అరచేతి ఎముకైతే 26230. వేలి మొదటి, మధ్య ఎముకలైతే 26235. వేలి చివరి ఎముకైతే 26236. దాని పక్కన ఏ వేలో చెప్పే గుర్తు. ఎడమ బొటనవేలు ఎఫ్ఏ, తర్వాత ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా ఎడమచేతి మిగతా వేళ్ళు, ఎఫ్5 కుడి బొటనవేలు, ఎఫ్9 కుడి చిటికెనవేలు. పది వేళ్ళకీ పది గుర్తులు. మన వడ్రంగికి సర్జన్ వేసిన బిల్లు మీద రోగం ఎం86.641, పని 26236-ఎఫ్9. అంటే రోగం ‘కుడిచేతిలో ఎక్కడో’ ఉంది, కత్తి మాత్రం కుడి చిటికెనవేలి చివరి ఎముక మీద సరిగ్గా పడింది. జబ్బు ఎక్కడుందో తెలియకుండా ఇంత గురిగా కోసిన సర్జన్‌కి దండం పెట్టాలి. పొరపాటున రోగం కోడ్‌లో ఎడమచెయ్యీ, పని కోడ్‌లో కుడివేలూ పడ్డాయో, ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లు తిప్పికొడుతుంది. హైదరాబాద్‌లోనే వేరే అంతస్తులో నైట్ షిఫ్ట్‌లో కూర్చున్న, బిల్లుల బాకీలు రాబట్టే ఏఆర్ కాలర్ కుర్రాడు అమెరికాకి ఫోన్ చేసి బతిమాలాలి.

ఇక మెడికేర్ ఆస్పత్రికి రోజుల లెక్కన ఇవ్వదు, మూట లెక్కన ఇస్తుంది. ఆపరేషన్ లేకుండా మందులతోనే వైద్యం చేసి పంపితే ఎముక ఇన్ఫెక్షన్‌కి మూడు మూటలు, డీఆర్‌జీ 539, 540, 541. పక్కన పెద్ద జబ్బు తోడుంటే పెద్ద మూట, చిన్న జబ్బు తోడుంటే మధ్య మూట, ఏమీ లేకపోతే చిన్న మూట. ఆ తోడు జబ్బు డాక్టర్ నోట్స్‌లో దొరుకుతుందేమో అని వెతకడానికి ఆస్పత్రుల్లో ప్రత్యేకంగా మనుషులుంటారు. వాళ్ళ ఉద్యోగం పేరు ‘డాక్యుమెంటేషన్ ఇంప్రూవ్‌మెంట్’. ఇంప్రూవ్ అయ్యేది ఏమిటో పేరులోనే దాచకుండా చెప్పారు, మెచ్చుకోవాలి.

వృద్ధుల మెడికేర్ అడ్వాంటేజ్ ఇన్సూరెన్స్‌లో ఇంకో వింత. అక్కడ కంపెనీకి ప్రభుత్వమిచ్చే సొమ్ము రోగుల జబ్బుల బరువుని బట్టి ఉంటుంది. జబ్బు ఎంత ఎక్కువ రాసుంటే అంత ఆదాయం. దీర్ఘకాల ఎముక ఇన్ఫెక్షన్‌కీ ఆ తూకంలో చోటుంది. కాకపోతే ఏటా జనవరి 1న పలక తుడిచేస్తారు. పోయినేడు రాసిన జబ్బుని ఈ ఏడు డాక్టర్ మళ్ళీ చూసి మళ్ళీ రాయాలి, లేకపోతే లేనట్టే. కాలు తీసేసిన మనిషికి కూడా జనవరి 1న కాలు మొలుస్తుంది, మళ్ళీ ఎవరో ఒక డాక్టర్ ‘లేదు’ అని రాసేదాకా. ఈ మొలిచిన కాళ్ళని ఏరిపారేసే పనికి పెట్టిన పేరు హెచ్‌సీసీ కోడింగ్. మన పిల్లలు వేలమంది దాని మీద బతుకుతున్నారు, కాబట్టి కొత్త సంవత్సర శుభాకాంక్షలు.

అసలు ఈ రోగాల కోడ్‌ల జాబితా పుట్టిందెందుకో గుర్తుచేస్తే అమెరికావాళ్ళకి చిరాకు రావచ్చు. పారిస్ నగర గణాంక శాఖలో ఉన్న జాక్ బెర్తియోఁ 1893లో షికాగోలో జరిగిన గణాంక నిపుణుల సభ ముందు మరణ కారణాల జాబితా ఒకటి పెట్టాడు. దేశదేశాల్లో జనం దేనివల్ల చచ్చిపోతున్నారో ఒకే పద్ధతిలో లెక్కపెడితే, చావులు తగ్గించే ఉపాయం దొరుకుతుందని ఆశ. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేతుల్లోకి తీసుకుని చావులతో పాటు రోగాలూ కలిపింది. చావుల లెక్కగా పుట్టినది అమెరికా వెళ్ళి బిల్లుల లెక్కగా స్థిరపడింది. ఆ సంస్థ 2022 జనవరి నుంచి పదకొండో కూర్పు అమల్లోకి తెచ్చింది. అమెరికా మాత్రం పదో పుస్తకాన్నే పట్టుకుని కూర్చుంది, పదికి మారడానికే ఏళ్ళూ పూళ్ళూ పట్టినవాళ్ళని తొందరపెట్టడం మర్యాద కాదు. ఈలోగా కోడర్ పని కంప్యూటరే చేసేస్తుందని ఏఐ కంపెనీలు ఊదరగొడుతున్నాయి. చేస్తే చేయనివ్వండి. ‘ఆస్టియో’ అని రాస్తే అదెలా చదువుతుందో చూడాలనుంది.

ఇదంతా అమెరికా వెర్రి, మనకేం పట్టిందని ఎవరైనా కుర్చీలో వెనక్కి వాలితే, ఒక్క క్షణం. ఆ మైక్రోబయాలజీ అమ్మాయి సంక్రాంతికి ఊరెళ్ళిందనుకోండి. చెరుకు మిషన్‌లో వేలు నలిగి రెండేళ్ళుగా చీము కారుతున్న మేనమామ తన ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. “అమ్మాయ్, అమెరికావాళ్ళ రిపోర్టులే చదువుతావంట, ఇదేదో చూడు” అన్నాడు. మూడు ఆస్పత్రులు, మూడు డిశ్చార్జి కాగితాలు. మొదటిదాంట్లో ‘చేతికి ఇన్ఫెక్షన్, క్లీన్ చేశాం, వారం తర్వాత రండి’. రెండోదాంట్లో వాడిన యాంటీబయాటిక్ పేరుంది, ఎన్ని రోజులో లేదు. మూడోదాంట్లో చెయ్యి పేరే లేదు, బిల్లు మాత్రం దూది దగ్గర్నుంచి పైసలతో సహా ఉంది. కల్చర్ రిపోర్టు ఎక్కడా అంటే “వాళ్ళే ఉంచుకున్నారే” అన్నాడు. ఏ క్రిమో తెలియకుండా మూడోసారి మందు మార్చారు. అమెరికా చార్ట్‌లో ఉన్న తప్పుల్ని వేలెత్తి చూపడమే వృత్తిగా పెట్టుకున్న పిల్లకి, ఇక్కడ చూపడానికి తప్పు కూడా దొరకలేదు. రాసుంటే కదా తప్పు.

మనవాళ్ళకి రాయడం రాదనుకోకండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గర్నుంచి ప్యాకేజీ నంబర్లు మన ఆస్పత్రులకీ కంఠతా వచ్చు. డబ్బు రావలసిన కాగితం మీద మనం కూడా ఒక్క గడి ఖాళీ వదలం. తర్వాత చూడబోయే డాక్టర్ కోసం రాయాల్సిన కాగితం దగ్గరే మనకి ఇంకు అయిపోతుంది. అక్కడ 70 వేల కోడ్‌లున్నా, ఇక్కడ ప్యాకేజీ నంబర్లే ఉన్నా, చిటికెనవేలి చివరి ఎముక గురించి ఆ ఎముకకి పనికొచ్చే నాలుగు మాటలు రాసేవాడు రెండుచోట్లా కరువే. ఇది నా తీర్పు, అప్పీలుకి పోదలచిన డాక్టర్లు తమ కిందటి డిశ్చార్జి సమ్మరీ ఒకటి జతచేసి పంపాలి.

ఒహాయో వడ్రంగి కథ చివరికి ఏమయిందంటారా. మానకపోతే వేలు తీసేస్తారు. తీసేశాక కొత్త కోడ్ వస్తుంది, జడ్89.021, ‘కుడిచేతి వేలు లేకపోవడం’. బొటనవేలు పోతే వేరే నంబరుంది గానీ, మిగతా నాలుగింటిలో ఏది పోయిందో ఈ కోడ్ కూడా చెప్పదు. తీసేసినందుకు వేసిన బిల్లులో మాత్రం ఎఫ్9 ఉంటుంది.

ఇక చదివేవాళ్ళకి ఒక మాట. ఎముక ఇన్ఫెక్షన్ అన్నది మానినట్టే మాని, ఏళ్ళకేళ్ళు నక్కి ఉండి, మళ్ళీ లేచే రకం. మన దేశంలో డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డుని చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు దాస్తే చాలని వైద్య మండలి 2002 నాటి నియమావళి అంటుంది. రోగం పదేళ్ళకి తిరగబెట్టినప్పుడు ఆస్పత్రి వాళ్ళ బీరువాలో ఏమీ ఉండకపోవచ్చు. అందుకని మీ ఇంట్లో ఎవరికైనా చేతి ఎముకకి చీము పట్టి ఆస్పత్రిలో ఉండి వస్తుంటే, బిల్లు కన్నా ముందు డిశ్చార్జి కాగితం చదవండి. ఏ చెయ్యి, ఏ వేలు, ఏ ఎముక, ఎన్నాళ్ళుగా, ఏ క్రిమి, ఏ మందు ఎన్ని వారాలు, ఎముకలో ఎంత తీశారు. వీటిలో ఏది లేకపోయినా రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. షుగర్ ఉంటే అది కూడా రాయమనండి. కేసు షీటు, కల్చర్ రిపోర్టు, ఎంఆర్‌ఐ, అన్నిటికీ కాపీలు అడగండి. ‘మా దగ్గరే ఉంటాయి, మీకెందుకు?’ అంటే, అదే నియమావళి ప్రకారం రోగిగానీ, రోగి తరఫున అధికారం ఉన్నవాళ్ళుగానీ అడిగిన 72 గంటల్లో రికార్డు ఇచ్చి తీరాలని చెప్పండి. రాతపూర్వకంగా అడగండి, అడిగిన కాగితం మీద తేదీ వేయించుకోండి.